వోటు ఏ గడపలో నున్నది? మహానగరపాలిక, జిల్లా పరిషత్తుల నిర్మాణము
(మన వాడ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నన్ను మాటలాడుమని కోరిన విషయము పురాణము కాదు, హరికథ కాదు. మన నగరము నెవరు పాలింతురు, మన జిల్లా నెవరు పాలింతురు, వారిని మన మెన్నుకొను పద్ధతి యెట్టిది అను ముచ్చట. వినుటకు శుష్కముగా దోచును. కాని నల్లాలో నీరు రాని నాడు, మోరి పొంగి వాకిట నిలిచిన నాడు, బిడ్డకు బడిలో తెలుగు చెప్పువారు లేరని తెలిసిన నాడు, మొదట జ్ఞప్తికి రావలసిన ముచ్చట ఇదియే. అట్టి నాడు మనము తెలిసిన నగరసేవకుని ఇంటికి పోవుదుము. అతడు "అది నా చేతిలో లేదు" అనును. తప్పించుకొనుచున్నాడని మన మనుకొందుము. కొన్నిమారులు తప్పించుకొనుటయే, పెక్కుమారులు అతడు చెప్పినది నిజము. ఎవరి చేతిలో ఏమున్నదో ఆ లెక్క చూచుకొనుటకే నేటి ప్రసంగము.

సోలాపురపు పురపాలక సంఘము 1852లో ఏర్పడినది. మిల్లుల పొగగొట్టములు లేవక మునుపే అది ఉన్నది. తొలుత అందులో ప్రజల మాటకు చోటు స్వల్పము. సర్కారు నియమించినవారే సభ్యులు. 1882 మే 18న రిపన్ ప్రభువు చేసిన తీర్మానము స్థానిక సంస్థలలో ఎన్నికైనవారి సంఖ్య పెరుగవలెనని చెప్పినది. అయినను చాలకాలము పన్ను కట్టువారికే వోటు. నేతగానికి, బీడీలు చుట్టు తల్లికి అందులో పాలు లేదు. అట్టి సంఘమే 1930 ఏప్రిల్ 6న తన భవనముపై జాతీయ పతాకము నెగురవేసినది. ఆ యేడు మే 12 మొదలు జూన్ 30 వరకు ఈ నగరము సైనిక శాసనము క్రింద నలిగినది. మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుసేన్, శ్రీకిసన్ సార్డా, జగన్నాథ శిందే అను నలుగురిని 1931 జనవరి 12న ఎరవాడ చెరసాలలో ఉరితీసిరి. పురపాలక సంఘమనగా దీపములు, మోరులు చూచు కచేరి మాత్రమే యని తలచువారికి ఈ చరిత్ర చెప్పవలెను.

1964 మే 1న ఆ సంఘము మహానగరపాలిక అయినది. 1949 నాటి బొంబాయి ప్రాంతీయ నగరపాలికల చట్టమే, తరువాత మహారాష్ట్ర పేరు తాల్చి, నేటికిని దానిని నడుపుచున్నది. ఈ చట్టము అధికారమును ముఖ్యముగా మూడు చోట్ల నుంచినది. ఒకటి సర్వసభ, అనగా ఎన్నికైన నగరసేవకులందరు కూడిన సభ. రెండవది స్థాయీ సమితి, వారిలోనుండి ఏర్పడిన 16 మంది. మూడవవారు ఆయుక్తులు, అనగా కమిషనరు. వీరిని మనము ఎన్నుకొనము, రాష్ట్ర ప్రభుత్వము పంపును.

సర్వసభ సంగతి మొదట. 2017 ఫిబ్రవరి 21 నాటి ఎన్నికలలోను, 2026 జనవరి 15 నాటి ఎన్నికలలోను స్థానములు 102, ప్రభాగులు 26. ఇరువదినాలుగు ప్రభాగులనుండి నలుగురేసి, రెండింటినుండి మువ్వురేసి. కావున పోలింగు గదిలో మనకు ఒక వోటు కాదు, నాలుగు. అ, బ, క, డ అని నాలుగు స్థానములకు వేరువేరుగా మీట నొక్కవలెను. ఒక స్థానమునకు నిలిచినవారెవరును నచ్చనిచో దానికి 'నోటా' మీట ఉన్నది. ఒక్క మీట నొక్కి పని ముగిసినదని వెనుదిరిగిన ముసలమ్మలను నేను చూచితిని. అధికారి పిలిచి మరల నొక్కించెను.

ఈ నలుగురేసి పద్ధతి నాకు నచ్చదని దాచక చెప్పుదును. మోరి ఎవరు బాగుచేయించవలెనని అడుగగా నలుగురును తక్కిన మువ్వురి వంక చూతురు. ఒక్కరికి ఒక్క వాడ అప్పగించినచో అడుగువానికిని సులువు, చెప్పువానికిని తప్పదు. దీనివలన పార్టీలకు మేలున్నది; వాడకు మేలున్నదని నేననుకొనను. అయినను చట్టము మారువరకు నలుగురి పేర్లును మనము వ్రాసి ఉంచుకొనవలసినదే.

నూటరెండు స్థానములలో సగము, అనగా 51, స్త్రీలవి. ఈ సగము పాలు 2011లో మహారాష్ట్ర శాసనమైనది. షెడ్యూల్డు కులములకు, తెగలకు జనసంఖ్యనుబట్టి స్థానము లుండును. వెనుకబడిన పౌరవర్గమునకు వేరు పాలు. ఏ స్థానము ఎవరికన్నది చీట్లు తీసి నిర్ణయింతురు. మన వాడలలో బీడీ చాట ముందు కూర్చుండి ఇల్లు నిలిపిన తల్లులకు ఈ చట్టము ద్వారము తెరచినది. కాని కొన్ని ఇండ్లలో పేరు భార్యది, కుర్చీ భర్తది. సభలో చేయి ఎత్తవలసినది ఆమె. అర్జీపై సంతకము చేయవలసినది ఆమె. అర్జీ పట్టుకొనిపోయినవారు ఆమెనే అడిగి మాటలాడినచో ఈ దురాచారము కొంత తగ్గును.

మేయరు నెన్నుకొనువారు మనము కాము. నగరసేవకులు తమలో ఒకరి నెన్నుకొందురు. పదవి రెండున్నర సంవత్సరములు. ఆ పదవి ఏ వర్గమునకు చెందవలెనో దానికిని చీటియే. 2019లో మన పద్మశాలి ఆడపడుచు శ్రీమతి శ్రీకాంచన యన్నం మేయరైనప్పుడు వాడవాడల సంతోషించితిమి. సంతోషింపదగినదే. ఇంతకు మునుపు లోకసభకు ఈ నగరమునుండి గంగాధర కూచన్, ధర్మణ్ణ సాదుల్, లింగరాజ్ వల్యాల్ గారలు ఎన్నికైరి. 1980 మొదలు 1998 వరకు సోలాపురపు లోకసభ స్థానము మనవారి చేతనే యున్నది. కాని మేయరు గౌరవము వేరు, మేయరు అధికారము వేరు. మేయరు సభకు అధ్యక్షత వహించును, నగరమునకు ప్రథమ పౌరుడగును. మోరి త్రవ్వుటకు ఆజ్ఞ నిచ్చునది, ఉద్యోగులను నడుపునది, ఒప్పందములపై సంతకము చేయునది కమిషనరు. డబ్బు ఎంతవరకు ఖర్చు కావచ్చునో సమ్మతించునది స్థాయీ సమితి, సర్వసభ. ఆయవ్యయ పట్టికను కమిషనరు వ్రాసి స్థాయీ సమితి కిచ్చును. సమితి దానిని మార్చి సర్వసభకు తెచ్చును. సభ ఒప్పుకొన్నపుడే అది నిలుచును. కావున మీ వీధి పని కొరకు అడుగవలసిన కాలము వర్షము పడి మోరి పొంగిన దినము కాదు; పట్టిక సిద్ధమగు శీతకాలము.

ఇంకొక మాట. ఎన్నికైన పిదప నగరసేవకుడు తన ఇష్టము వచ్చినట్లు చేయి ఎత్తలేడు. 1986లో మహారాష్ట్రమున స్థానిక సంస్థల సభ్యులకును పార్టీ మార్పిడి నిషేధ చట్టము వచ్చినది. పార్టీ ఆజ్ఞ మీరినచో పదవి పోవచ్చును. "మా వాడవాడే, మన మాట వినును" అని నమ్మి వోటు వేయువారు ఇది గుర్తుంచుకొందురు గాక.

పన్నుల సంగతి త్వరగా ముగింతును. ఒకనాడు నూలు బేళ్ళు ఊరిలోనికి వచ్చుచోట జకాతు నాకాలుండెను. జకాతు పోయినది. దాని స్థానమున వచ్చిన స్థానిక సంస్థల పన్నును 2015లో చాలవరకు ఎత్తివేసిరి. 2017లో వస్తు సేవల పన్ను వచ్చిన తరువాత నగరపాలికకు రాష్ట్ర ప్రభుత్వ మిచ్చు పరిహారము పెద్ద ఆధారమైనది. దాని చేతిలోని సొంత సొమ్ములో ఇంటి పన్ను, నీటి పన్ను ముఖ్యములు. కావున కమిషనరును పంపునదియు రాష్ట్రమే, సొమ్ము పంపునదియు రాష్ట్రమే. మన వోటుతో నిలుచునది ఆ 102 మంది మాత్రమే.

ఆ 102 మందియు లేని కాలమొకటి గడచినది. అదియే నన్ను ఎక్కువగా బాధించిన సంగతి. 1993లో రాజ్యాంగమునకు చేరిన సవరణలు, పల్లెలకు 73వది, పట్టణములకు 74వది, స్థానిక సంస్థల కాలము అయిదేండ్లు మాత్రమే యనియు, అది ముగియక మునుపే ఎన్నికలు జరుగవలెననియు స్పష్టముగా చెప్పినవి. వానిని జరుపుటకు ప్రతి రాష్ట్రమున ఎన్నికల సంఘము వేరుగా ఉండవలెనని కూడ చెప్పినవి. అయినను 2022 మార్చిలో మన మహానగరపాలిక గడువు ముగిసినప్పుడు ఎన్నికలు జరుగలేదు. వెనుకబడిన వర్గముల పాలు ఏ ఆధారముపై నిర్ణయింపవలెనను వివాదము 2021 మార్చిలో సర్వోన్నత న్యాయస్థానము ఇచ్చిన తీర్పుతో పెద్దదైనది; దానికి ప్రభాగుల హద్దుల తగవు తోడైనది. ఒక్క సోలాపురమే కాదు, రాష్ట్రమంతట ఇదియే దుస్థితి. చివరకు 2025 మే 6న సర్వోన్నత న్యాయస్థానము గడువు పెట్టి ఆదేశింపగా, ఆ గడువు మరల పొడిగింపబడి, 2026 జనవరిలో వోటు పడినది.

నడుమ దాదాపు నాలుగేండ్లు కమిషనరే ప్రశాసకుడు. పట్టిక వ్రాసినది ఆయనయే, దానిని సమ్మతించినదియు ఆయనయే. నేను వ్యక్తులను నిందించుట లేదు. పనిచేసిన అధికారులు ఉందురు, చేయనివారు ఉందురు. కాని నాలుగైదు దినములకు ఒకసారి నల్లాకు నీరు వచ్చు వాడలలో, అడుగుటకు ఒక గడప, కోపగించుటకు ఒక మనిషి లేకపోయెను. ఉజని నీటిని గూర్చి సభలో నిలిచి ప్రశ్నించు హక్కు గలవాడు నగరములో ఒక్కడును లేడు. ప్రశాసకుని కాలములో పనులు వేగముగా సాగినవని కొందరందురు. సాంచె వేగముగా నడచుటయే చాలదు గదా. ఏ పోగు తెగినదో చూచు కన్ను వేరుగా నుండవలెను.

ఇక జిల్లా పరిషత్తు. మనము పట్టణవాసులము, మనకేమని అనుకొనకుడు. ఎందుకో ముందు చెప్పెదను. స్వాతంత్ర్యమునకు ముందు జిల్లా లోకల్ బోర్డు లుండెను. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము మూడంతస్తుల పంచాయతీ పద్ధతిని సూచించినది. 1959లో మొదట రాజస్థాన్, వెంటనే ఆంధ్రప్రదేశ్ దానిని చేపట్టినవి. మహారాష్ట్రము వసంతరావు నాయక్ సంఘము చెప్పినట్లు 1961లో చట్టము చేసి, 1962 మే 1 మొదలు అమలు పెట్టినది. అడుగున గ్రామపంచాయతీ, నడుమ తాలూకాకు పంచాయతీ సమితి, పైన జిల్లా పరిషత్తు. మన బంధువులున్న తెలంగాణపు ఊళ్ళలో 1980లనుండి నడిమి అంతస్తు చిన్న మండలమైనది, మండలమునకొక జిల్లా పరిషత్తు సభ్యుడు. ఇక్కడ తాలూకాయే నిలిచినది. పెండ్లికో పండుగకో వెళ్ళినప్పుడు ఈ రెండింటిని కలిపివేసి వాదించువారిని వినియుందురు.

సోలాపుర జిల్లాకు తాలూకాలు 11. జిల్లా పరిషత్తు స్థానములు 68. ఒక్కొక్క స్థానమును 'గట్' అందురు. ప్రతి గట్టును రెండు 'గణము'లుగా చీల్చుదురు. 136 గణములనుండి పంచాయతీ సమితుల సభ్యులు వత్తురు. కావున పల్లె వోటరు ఒకే దినమున రెండు వోట్లు వేయును, ఒకటి జిల్లాకు, ఒకటి తాలూకాకు. గ్రామపంచాయతీ ఎన్నిక వేరుగా జరుగును. అందులో సర్పంచును నేరుగా జనులే ఎన్నుకొందురు. ఈ నేరు ఎన్నిక 2017లో వచ్చి, 2020లో పోయి, 2022లో మరల వచ్చినది. అధ్యక్షుని మాత్రము జిల్లా పరిషత్తు సభ్యులే తమలోనుండి ఎన్నుకొందురు. బడులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు, రోడ్లు, త్రాగునీరు, స్త్రీ శిశు సంక్షేమము మున్నగు వానికి ఒక్కొక్క విషయ సమితి ఉండును. కార్యనిర్వహణము ముఖ్య కార్యకారి అధికారిది. ఈయనను కూడ ప్రభుత్వమే పంపును.

కలెక్టరు జిల్లా పరిషత్తుకు పెద్ద యని చాలమంది అనుకొందురు. కాదు. మహారాష్ట్ర చట్టము కలెక్టరును పరిషత్తుకు వెలుపలనే ఉంచినది. భూమి, రెవెన్యూ, శాంతిభద్రతలు ఆయనవి. బడి కొరకు కలెక్టరు కచేరి మెట్లెక్కినచో అర్జీ ఒక బల్లనుండి మరొక బల్లకు పోవుటకే నెల పట్టును. అమెరికాలో మన జిల్లా వంటిదానిని కౌంటీ అందురు. అక్కడ చాల కౌంటీలలో పాలక మండలిని మాత్రమే కాక, షెరీఫు అను పోలీసు పెద్దను, ఖజానా అధికారిని, ఇండ్ల భూముల విలువ కట్టు అధికారిని కూడ జనులే వోటుతో నిలుపుదురు. అక్కడికి చదువులకు వెళ్ళిన మన బిడ్డలు ఇది చెప్పినప్పుడు పెద్దలు ఆశ్చర్యపోవుదురు. పోలీసు పెద్ద ఇంటింటికి వచ్చి వోట్లడుగుట నాకైతే రుచింపదు. కాని పన్ను లెక్క కట్టువాడు జనులకు జవాబు చెప్పవలెనన్నది ఆలోచింపదగిన సంగతి.

ఇప్పుడు పట్టణవాసులకు జిల్లా పరిషత్తుతో పని ఏమో చెప్పెదను. మన సోదరీమణులు బీడీ కార్మికులుగా చిరకాలము పోరాడి ఇండ్లు సాధించుకొనిరి. కామ్రేడ్ గోదుతాయి పరులేకర్ పేరిట 10,000 ఇండ్లు కుంభారి శివారులో లేచినవి. 2006లో వాని తాళపుచెవు లిచ్చిరి. ఆ పక్షముననే రాయ్‌నగర్ అను పేర 30,000 ఇండ్ల యోజన వచ్చినది. అందులో 15,000 ఇండ్లను 2024 జనవరి 19న కార్మికుల కప్పగించిరి. ఇరుకు చాళ్ళలో మూడు తరములు గడిపినవారికి సొంత గడప దొరకినది. ఎంతటి సంతోషము! కాని ఆ ఇండ్లు కట్టినది మహానగరపాలిక హద్దునకు వెలుపల, దక్షిణ సోలాపుర తాలూకాలో. హద్దు దాటిన నాటినుండి నల్లా వేరు, మోరి వేరు, బడి వేరు, వోటు వేరు. పల్లె హద్దులో నివసించునంతకాలము కుటుంబమునకు నగరసేవకుడు లేడు; గ్రామపంచాయతీ సభ్యుడు, గణపు సభ్యుడు, గట్టు సభ్యుడు ఉందురు. గ్రామపంచాయతీ సభ్యుల సంఖ్య 17కు మించరాదన్నది చట్టము; ఆ గ్రామము పట్టణమంత పెరిగినను అంతియే. అందుచేత అక్కడ జిల్లా పరిషత్తు సభ్యుడు మరింత ముఖ్యుడు.

బడి సంగతి చూడుడు. 1956లో చేరిన రాజ్యాంగపు 350ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పించు వసతి కలిగింపుమని రాష్ట్రములను, స్థానిక సంస్థలను కోరుచున్నది. స్థానిక సంస్థలను అను మాట గమనింపుడు. 1949లో విద్యామంత్రుల సభ ఒప్పుకొన్న లెక్క ప్రకారము, బడి మొత్తములో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఆ భాష బిడ్డలున్నచో ఉపాధ్యాయుని ఇయ్యవలెను. నగరములో మహానగరపాలిక మరాఠీ, ఉర్దూ, కన్నడములతో పాటు తెలుగు మాధ్యమపు బడులను నడిపినది. అది దయచేసి ఇచ్చినది కాదు. మన పెద్దలు ఆ సభలో కూర్చుండిరి గనుక అడుగగలిగిరి. హద్దు దాటిన బిడ్డలకు అదే తరగతి కావలెనన్నచో అర్జీ పోవలసినది జిల్లా పరిషత్తు శిక్షణ సమితికి, ప్రాథమిక శిక్షణాధికారికి. అర్జీతోపాటు బిడ్డల పేర్లు, తరగతులు వ్రాసిన జాబితా ఉండవలెను. "మా వాడలో తెలుగువారు చాలమంది" అన్న మాటకు అధికారి లొంగడు. పదుగురి పేర్లున్న కాగితమునకు జవాబు చెప్పక తప్పదు.

ఆ సమితిలో మన పక్షమున మాటలాడువాడు కావలెనన్నచో మన పేర్లు ఆ గట్టు వోటరు జాబితాలో ఉండవలెను. ఇక్కడనే చిక్కు. ఇల్లు మారినను వోటు మార్చుకొననివారు మనలో చాలమంది. పాత పేటలో అన్నదమ్ములు, గుడి, పరిచయస్థులు ఉన్నారు. ఎన్నిక నాడు బస్సెక్కి వచ్చి పాత వాడలో వేసి పోవుట ఒక పండుగ. ఆ మమత నేనెరుగుదును. కాని ఆ వోటు పాత పేట మోరికి పనికివచ్చును. కొత్త ఇంటి మోరికి పనికిరాదు. రెండు చోట్ల పేరుంచుకొనుట చట్టమునకు విరుద్ధము కూడ. 2026 ఫిబ్రవరిలో జిల్లా పరిషత్తు ఎన్నికలు జరిగినప్పుడు పేరు పాత పేటలోనే నిలిచియున్నవారికి అందులో పాలు లేకపోయెను.

స్థానిక ఎన్నికలకు వేరుగా వోటరు జాబితా వ్రాయరు. శాసనసభ జాబితానే తీసికొని ప్రభాగులుగా, గట్లుగా విభజింతురు. ఏ తేదీ నాటి జాబితా తీసికొనవలెనో రాష్ట్ర ఎన్నికల సంఘము ముందే ప్రకటించును. గడచిన ఎన్నికలకు 2025 జూలై 1 నాటి జాబితా తీసికొనిరి. ఆ తేదీ దాటిన పిదప ఎంత మొత్తుకొన్నను ఆ ఎన్నికకు పేరు చేరదు. కావున ఎన్నికల చప్పుడు వినబడిన నాడు కాదు, ఇప్పుడే చేయవలసిన పని. కొత్తగా 18 ఏండ్లు నిండినవారికి 6వ నమూనా. ఇల్లు మారినవారికి, పేరు తప్పుగా పడినవారికి 8వ నమూనా. వయసు లెక్కకు ఏడాదికి ఒకే తేదీ ఉన్న కాలము పోయినది. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల 1వ తేదీలు నాలుగును లెక్కకు వచ్చును.

పేర్ల సంగతి ప్రత్యేకముగా చెప్పుదును. మన ఇంటి పేర్లు మరాఠీ లిపిలో వ్రాయునప్పుడు పలు రూపములు దాల్చును. తండ్రి పేరు ఒక తీరు, కొడుకుది ఒక తీరు, రేషను కార్డులో మరొక తీరు. పోలింగు కేంద్రములో ఈ తేడా పట్టుకొని వెనుకకు పంపిన సంగతులున్నవి. ఆధారు కార్డులో ఉన్నట్లే జాబితాలోను ఉన్నదా యని ఒక్కమారు సరిచూచుకొనుడు. పెండ్లియై వచ్చిన కోడండ్ర పేర్లు పుట్టినింటి ఊరిలోనే, జిల్లా కావల, నిలిచియుండుట కూడ కద్దు.

నిలువదలచిన యువకులకు రెండు మాటలు. వోటుకు 18 ఏండ్లు, నిలుచుటకు 21. ఈ రాష్ట్రమున 2001 సెప్టెంబరు తరువాత మూడవ బిడ్డ పుట్టినవారికి స్థానిక సంస్థలలో అర్హత లేదు. ఆంధ్రప్రదేశ్ 2024లో అట్టి నిబంధనను తీసివేసినది; అక్కడి బంధువుల మాట విని ఇక్కడ నామపత్రము వేసినచో అది చెల్లదు.

6వ, 8వ నమూనా కాగితములు ద్వారము ప్రక్క బల్లపై నున్నవి. వ్రాయుట రానివారికి వ్రాసిపెట్టుటకు మన కాలేజి పిల్లలు నలుగురు కూర్చుండిరి. కుంభారికి ఇల్లు మారినవారు మొదట రండు. కరెంటు బిల్లు చేతిలో లేనివారు రేపు ఉదయము తెచ్చియిచ్చినను చాలును.